ఇరుకు సందులో నీళ్లు ఎలా నడుస్తాయి?

చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లకు నీళ్ల టెన్షన్ గురించి వేరే చెప్పక్కర్లేదు. మింజూరు, నెమ్మేలి ప్లాంట్లలో సముద్రపు నీటిని మంచినీళ్లుగా మారుస్తారనీ తెలుసు. అక్కడ ఉప్పునీటిని గట్టి ఒత్తిడితో పలుచని పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) పొర మీదికి తోస్తారు. నీళ్లు అవతలికి పోతాయి, ఉప్పు దాదాపు అంతా ఇవతలే ఆగిపోతుంది. ఆ పొరలోని సందులు నానోమీటరు (మీటరులో వందకోట్లవ వంతు) కన్నా చిన్నవి. నీటి అణువు వెడల్పే దాదాపు 0.28 నానోమీటర్లు! అంత ఇరుకులో ఒక్కో అణువు ఎలా కదులుతుందో మైక్రోస్కోపుతో చూడలేం. కంప్యూటర్లో చూడాల్సిందే.

ప్రతి అణువునూ చుట్టుపక్కలవి ఎంత బలంగా లాగుతున్నాయో, నెడుతున్నాయో లెక్కగట్టి, న్యూటన్ సూత్రం ప్రకారం దాన్ని కాస్త జరపాలి. మళ్లీ లెక్క, మళ్లీ జరపడం. ఒక్కో అడుగు రెండు ఫెమ్టోసెకన్లు అనుకుంటే, ఒక్క నానోసెకను (సెకనులో వందకోట్లవ వంతు) చూడటానికి 5 లక్షల అడుగులు. నానోసెకనులో పది లక్షలవ వంతే ఫెమ్టోసెకను. 1964లో 864 పరమాణువులతో ద్రవ ఆర్గాన్‌ను (ఆర్గాన్ ఒక వాయువు, చల్లబరిస్తే ద్రవమవుతుంది) ఇలా కంప్యూటర్లో నడిపించింది హైదరాబాదులో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త అనీసుర్ రహమాన్. 1971లో మరో శాస్త్రవేత్త స్టిల్లింజర్‌తో కలిసి నీటినీ నడిపించారు. మన పిల్లలందరికీ తెలియాల్సిన పేరు.

2001లో గెర్హార్డ్ హమ్మర్ బృందం 0.81 నానోమీటర్ల వెడల్పున్న కార్బన్ నానోట్యూబును (కార్బన్ పరమాణువులతో అల్లిన అతి సన్నని గొట్టాన్ని) నీళ్లలో ఉంచినట్టు లెక్క వేసి, 66 నానోసెకన్ల పాటు గమనించింది. కార్బన్‌కీ నీళ్లకీ అంతగా పడదు. పైగా బయట పక్క అణువులతో నాలుగు దాకా హైడ్రోజన్ బంధాలు (నీటి అణువులను ఒకదానికొకటి పట్టి ఉంచే లంకెలు) పెట్టుకునే అణువుకి లోపల దొరికేవి రెండే. అలాంటి చోటికి నీళ్లు ఎందుకు పోతాయి? పోయాయి. గొట్టం నిండుగానే ఉండిపోయింది. ఐదారు అణువులు, చేతులు పట్టుకున్న పిల్లల్లా ఒకే వరుసలో నిలబడ్డాయి. వరుసంతా ఒక్కసారిగా జరుగుతూ, ఉండుండి వేగంగా అవతలికి దాటుతూ వచ్చింది.

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఆ తర్వాతి సంగతి. కార్బన్‌కీ నీటికీ మధ్య ఆకర్షణను లెక్కలో కొంచెం తగ్గించేసరికి గొట్టం ఖాళీ అవుతూ, మళ్లీ నిండుతూ వచ్చింది. మనం ఇచ్చే ఒక్క అంకె మీద ఇంత ఆధారపడి ఉంటే, ప్రయోగం చేయకుండా నమ్మడం కుదరదు. 2006లో రెండు నానోమీటర్ల కన్నా సన్నని కార్బన్ గొట్టాలతో నిజంగానే కొలిచారు. మామూలు పైపుల సూత్రం చెప్పినదానికి వెయ్యి రెట్లకు పైగా వేగంగా నీళ్లు పారాయి.

ఉప్పు సంగతి వేరు. ఉప్పు కరిగినప్పుడు వచ్చే సోడియం అయాను (విద్యుదావేశం ఉన్న పరమాణువు) తన చుట్టూ నీటి అణువులను కప్పుకుని తిరుగుతుంది. బాగా సన్నని గొట్టంలో దూరాలంటే ఆ కప్పును చాలావరకు వదులుకోవాలి, దానికి బోలెడంత శక్తి కావాలి. అందుకే బయటే ఉండిపోతుంది. అయితే ఉప్పును వడకట్టేందుకు ఇలాంటి కోట్ల గొట్టాలను ఒకే వెడల్పులో, మధ్యలో లీకు లేకుండా పెద్ద పొరగా పేర్చడం చాలా కష్టం. పెద్ద ప్లాంట్లు ఇప్పటికీ పాలిమర్ పొరలనే వాడుతున్నాయి.