నాలుగు దేశాలకు సరిపడా గింజలు

పిల్లలూ,

మా మనవరాలు డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది. పోయిన వారం ఫోన్ చేసి అడిగింది: "తాతయ్యా, థాయిలాండ్, లావోస్, వియత్నాం, కంబోడియా నేనొక్కదాన్నే తిరిగి రావాలంటే ఎంత డబ్బు కావాలి?" పక్కనుంచి వాళ్ళమ్మ "ముందు పరీక్షలు రాయమనండి నాన్నా" అంటూనే ఉంది. పరీక్షలు రాస్తుంది, నాకా సంగతి తెలుసు. దాని స్నేహితులు కూడా ఇదే అడుగుతున్నారట. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆ నాలుగు దేశాలూ వీపున సంచి తగిలించుకుని నిదానంగా తిరిగినవాణ్ణి నేను.

ఎంత కావాలి అనే ముందు, ఉన్నదాన్ని ఎలా పంచుకోవాలో తెలుసుకోండి. నేను ఆ పంపకం మా నాన్న దగ్గర కళ్ళంలో నేర్చుకున్నాను.

మాది కృష్ణా డెల్టాలో ఒక పల్లె. సంక్రాంతికి ముందు కుప్పలు నూర్చి, తూర్పారబట్టి, ధాన్యం రాశి పోసేవాళ్ళు. ఆ రాశి మీదెక్కి దొర్లాలని మాకు ఒకటే ఆశ. పెద్దవాళ్ళు అదిలించి దింపేవాళ్ళు. కొలత మొదలుపెట్టగానే మా నాన్న ముందు విత్తనాలు తీసేవారు. తాలు లేని గట్టి గింజ చూసి వేరే బస్తాల్లోకి ఎత్తించేవారు. తర్వాత చాకలికి, మంగలికి, కమ్మరికి, కుమ్మరికి ఇవ్వాల్సిన మేర అక్కడికక్కడే కొలిచేవారు. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఇంటికి కావలసిన తిండిగింజలు గాదెలో పోయించేవారు. ఇంకా మిగిలింది అమ్మకానికి. మా పండగ బట్టలైనా, అక్కయ్య గాజులైనా ఆ ఆఖరి వాటాలోంచే రావాలి. పంట బాగా పండినా, సగమే చేతికొచ్చినా ఈ వరస మాత్రం మారేది కాదు.

ఒక ఏడు నారుమడి పోసిన వారానికే కుండపోత వాన. మడి మునిగింది, మొలక కుళ్ళిపోయింది. ఊళ్ళో చాలామంది విత్తనాల కోసం పక్క ఊళ్ళకు పరుగెత్తారు. మా నాన్న మాత్రం అటకమీది రెండో బస్తా దింపారు. ఎప్పుడూ రెండు నారుమళ్ళకు సరిపడా విత్తనం దాచేవారాయన. గాదె అడుగంటిన రోజుల్లో మా అమ్మ జొన్నన్నం వండి పెట్టిందే తప్ప, ఆ బస్తా మూతి విప్పలేదు. ఆ బస్తా ఇంట్లో ఉండబట్టే మా నాన్న ఆ వానలో కూడా నెమ్మదిగా మాట్లాడగలిగారని నాకు పెద్దయ్యాక తెలిసింది.

ఇప్పుడు మీ డబ్బును రాశిగా పోసి చూద్దాం. అంకెలు నా అంచనావి, మీ అలవాట్లను బట్టి మార్చుకోండి. ఆరు వారాల ప్రయాణానికి మొదట 40,000 రూపాయలు విత్తనాలు. ఏ ఊళ్ళో ఉన్నా అప్పటికప్పుడు ఇంటికి టికెట్ కొనుక్కోవడానికి, ఆసుపత్రిలో ముందు కట్టమంటే కట్టడానికి అది. వేరే బ్యాంకు ఖాతాలో వేసి, దాని కార్డు రోజూ వాడే పర్సులో పెట్టకుండా సంచి లోపలి అరలో దాచండి. అందులోంచే కొన్ని డాలర్లు నోట్లుగా తీసుకెళ్ళండి. చిరుగు, మరక, రాతలు లేని కొత్త నోట్లే అడగండి, కంబోడియాలో కాస్త చిరిగిన డాలరును ఎవరూ తీసుకోరు. ఏమీ కాకపోతే ఈ 40,000 మీతోపాటే ఇంటికి తిరిగొస్తాయి.

రెండోది మేర, అంటే బయల్దేరక ముందే చెల్లించి తీరాల్సినవి. రానూ పోనూ విమానాలు, వీసాలు, బీమా, టీకాలు. దీనికి 60,000 పెట్టుకోండి. పాస్‌పోర్టు గడువు తిరుగు ప్రయాణం తర్వాత కూడా కనీసం ఆరు నెలలు ఉండాలి, ముందు అది తీసి చూడండి. వియత్నాం 2023 ఆగస్టు నుంచి 90 రోజుల ఈ-వీసా ఇస్తోంది. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, మళ్ళీ మళ్ళీ వెళ్ళి రావడానికి 50. దరఖాస్తులో ఏ సరిహద్దు ద్వారంలోంచి ప్రవేశిస్తారో రాయాలి, కాబట్టి దారి ఖాయం చేసుకున్నాకే నింపండి. థాయిలాండ్‌కు 2025 మే నుంచి చేరే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో ఒక కార్డు నింపాలి. అది ఉచితం, దానికి డబ్బు అడిగే వెబ్‌సైటు ప్రభుత్వానిది కాదు. వీసా నియమాలు తరచూ మారుతున్నాయి, ప్రయాణానికి నెల ముందు ఆయా ప్రభుత్వాల సైట్లలోనే మళ్ళీ చూసుకోండి.

బీమా దగ్గర ఒక్క మాట, అబ్బాయిలు ముఖ్యంగా వినండి. వియత్నాంలో అందరూ మోటారుసైకిల్ అద్దెకు తీసుకుంటారు. మన దేశంలో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి ఒప్పందం కింద ఇచ్చేది. వియత్నాం ఒప్పుకునేది 1968 నాటి ఒప్పందాన్ని, అందుకే మన పర్మిట్ అక్కడ చెల్లదు. చెల్లని లైసెన్సుతో బండి నడిపి పడితే బీమా కంపెనీ ఆసుపత్రి ఖర్చు ఇవ్వకపోవచ్చు. బస్సులు, రైళ్ళు కావలసినన్ని ఉన్నాయి, వాటిలో వెళ్ళండి.

మూడోది తిండిగింజలు. రోజుకు 2,500 చొప్పున 42 రోజులకు 1,05,000. ఇందులో హాస్టల్‌లో మంచం, మూడు పూటల తిండి, ఊరి లోపలి ప్రయాణాలు, ఊరి నుంచి ఊరికి బస్సులు, పడవలు, రైళ్ళు అన్నీ రావాలి. మా అమ్మ రోజూ మానికతో కొలిచి గాదెలోంచి తీసేది. చుట్టాలొచ్చిన రోజు రెండు మానికలు తీస్తే, ఆ తర్వాత నాలుగు రోజులు కాస్త తగ్గించి సరిచేసేది. మీరూ అలాగే రోజు లెక్కతో భయపడకుండా వారం లెక్క చూసుకోండి. థాయిలాండ్ సముద్రపు ఒడ్డు ఊళ్ళలో గింజలు త్వరగా ఖర్చవుతాయి, లావోస్ పల్లెల్లో మిగులుతాయి. అన్నిటికన్నా ఎక్కువ తినేది తిరుగుడే. రెండు రోజులకొక ఊరు మారేవాడి గాదె ముందుగా ఖాళీ అవుతుంది. ఆరు వారాలు లేకపోతే నాలుగు దేశాల ఆశ వదులుకోండి. మూడు వారాలకు రెండు దేశాలు చాలు.

ఇక ఆఖరి వాటా, పండగ బట్టల వాటా: 25,000. కంబోడియాలోని అంకోర్ ఆలయాల టికెట్ ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62. ఆ మూడు రోజులూ పది రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. అంత ఖర్చా అని ఒక్క రోజుకే కొనకండి. ఈ వాటా ఉన్నది ఇందుకే, ఇక్కడ పిసినారితనం చేస్తే ఇంత దూరం వచ్చింది దేనికి?

నాలుగూ కలిపితే 2,30,000. అంత లేకపోతే రోజులు తగ్గించండి, విత్తనాలు మాత్రం తగ్గించకండి.

గాదె ఉన్నచోట పందికొక్కులూ ఉంటాయి. మా ఇంట్లో అవి రాత్రిపూట చప్పుడు లేకుండా కన్నం పెట్టేవి, నెల తర్వాత చూస్తే ఒక మూల గుల్ల. ప్రయాణంలో డబ్బు మార్పిడి అలాంటిది. మన కార్డు విదేశంలో గీకిన ప్రతిసారీ బ్యాంకులు మూడున్నర శాతం దాకా అదనంగా తీసుకుంటాయి. థాయిలాండ్ ఏటీఎంలో ఎంత కొంచెం తీసినా ఒక్కో దఫాకు 200 బాట్ల పైనే రుసుము, కాబట్టి కొంచెం కొంచెంగా కాక ఒకేసారి తీయండి. మెషీన్ "రూపాయల్లో లెక్కకట్టమంటారా" అని మర్యాదగా అడుగుతుంది. వద్దని చెప్పి అక్కడి కరెన్సీనే ఎంచుకోండి, రూపాయల్లో అంటే వాళ్ళకు నచ్చిన రేటు వేస్తారు. వియత్నాంలో 20,000 డాంగుల నోటూ, 5,00,000 డాంగుల నోటూ రెండూ నీలంగానే ఉంటాయి. వెలుతురులో చూసి, సున్నాలు లెక్కపెట్టి ఇవ్వండి.

రాత్రి పడుకునే ముందు ఆ రోజు ఖర్చు కాగితం మీద రాయండి. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగొచ్చేదాకా దారి వివరాలు రాస్తూనే ఉన్నారు. మజిలీకీ మజిలీకీ దూరమెంత, నీళ్ళ వసతి ఎలా ఉంది, బజారులో ఏమి దొరుకుతాయి, అన్నీ. ఆయన రాసిపెట్టబట్టే ఆనాటి మన ఊళ్ళు ఎలా ఉండేవో ఇప్పుడు మనకు తెలుస్తోంది. మీరు రాసే నూడుల్స్ ధర కూడా ఒకనాటికి ఎవరికో కావలసి వస్తుంది.

ఎప్పుడు వెళ్ళాలి? పరీక్షలు అవగానే మే నెలలో వెళ్ళకండి, అక్కడ మండే ఎండలు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఉత్తర థాయిలాండ్, లావోస్ కొండల్లో పొలాలు, అడవులు తగలబెట్టిన పొగ కమ్ముకుంటుంది. మన ఇళ్ళకు ధాన్యం వచ్చే రోజులే మంచివి. నవంబరు చివర బయల్దేరితే వానలు వెనకబడతాయి, నదుల్లో నీళ్ళు ఇంకా నిండుగా ఉంటాయి. జనవరిలో ఉత్తర వియత్నాంలోని హనోయ్‌లో చలి, ఒక స్వెట్టర్ పెట్టుకోండి. ఆపైన టెట్ అనే వాళ్ళ కొత్త సంవత్సరం పండగకు వియత్నామంతా సొంత ఊళ్ళకు కదులుతుంది, రైల్లో సీటు దొరకదు. పరీక్షలకూ నవంబరుకూ మధ్య ఉన్న నెలల్లో ఏదైనా పని చేసి, రాశిలో కొంతైనా మీ చేత్తో పోయండి.

దారి నేను చెప్పేది ఇది. బ్యాంకాక్ నుంచి రాత్రి రైల్లో చియాంగ్ మాయ్. అక్కణ్ణుంచి చియాంగ్ ఖోంగ్ దగ్గర మెకాంగ్ మీది వంతెన దాటితే లావోస్‌లో హువే సాయ్. అక్కడ నెమ్మది పడవ ఎక్కితే రెండు రోజులకు లువాంగ్ ప్రబాంగ్, మధ్యలో పాక్‌బెంగ్ అనే చిన్న ఊళ్ళో రాత్రి మకాం. 2021 డిసెంబరులో మొదలైన చైనా–లావోస్ రైలు అక్కణ్ణుంచి లావోస్ రాజధాని వియంటియాన్‌కు రెండు గంటల్లో చేరుస్తుంది. తర్వాత హనోయ్. హనోయ్ నుంచి హో చి మిన్ సిటీ దాకా 1,726 కిలోమీటర్ల రైలుమార్గం, మధ్యలో హ్యూ, డానాంగ్‌లలో దిగుతూ పోవచ్చు. ఆ రెంటి మధ్య రైలు హాయ్ వాన్ కొండ అంచున సముద్రం పక్కనే వంకర్లు తిరుగుతుంది, ఆ ముక్క పగటిపూటే చూడండి. హో చి మిన్ సిటీ నుంచి బస్సులో కంబోడియా రాజధాని నాంపెన్, ఆపైన అంకోర్ ఆలయాల దగ్గరి ఊరు సియెమ్ రీప్. మునుపు సియెమ్ రీప్ నుంచి బస్సులోనే బ్యాంకాక్ తిరిగొచ్చేవాళ్ళు. 2025లో థాయిలాండ్, కంబోడియాల మధ్య ఘర్షణలు వచ్చి ఆ సరిహద్దు మూసేశారు. నారుమడి మునగడమంటే ఇదే. తిరుగు టికెట్ కంబోడియా నుంచే కొనుక్కోండి.

ఒంటరిగా వెళ్ళడం గురించి అమ్మానాన్నలకు భయం ఉంటుంది, ఆ భయాన్ని చులకన చేయకండి. కొత్త ఊరికి పగటిపూట చేరేలా చూసుకోండి, మొదటి రాత్రి బస ముందే ఖాయం చేసుకోండి, రోజూ ఒక వేళకు ఇంటికి సందేశం పెట్టండి. గుళ్ళ దగ్గర కోతులకు తినుబండారాలు చూపించకండి, గీరినా కరిచినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. ఇంకొకటి, ఇది నాకు చాలా బాధ కలిగించే సంగతి. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన తెలుగు పిల్లల్నే కంబోడియా తీసుకెళ్ళి, పాస్‌పోర్టులు లాక్కుని, సైబర్ మోసాలు చేయించారు. 2024లో విశాఖపట్నం పోలీసులు ఆ దళారుల్ని పట్టుకున్నారు, కొందరు పిల్లలు తిరిగి ఇల్లు చేరారు. దారిలో ఎవరు ఎంత తియ్యగా ఉద్యోగం ఇస్తామన్నా వినకండి, పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇచ్చి ఉంచుకోమనకండి. ఇదే కారణంగా విమానాశ్రయంలో మిమ్మల్ని కాస్త ఎక్కువ ప్రశ్నలు అడగవచ్చు, తిరుగు టికెట్, బస వివరాలు కాగితం మీద దగ్గర పెట్టుకోండి.

బజారులో ముసలమ్మ దగ్గర అరటిపళ్ళకు పది రూపాయల కోసం గీచి గీచి బేరమాడకండి. డబ్బయిపోయిందని అక్కడి వీధుల్లో బోర్డు పట్టుకుని కూర్చునే ప్రయాణికుల్ని చూశాను. మనకన్నా తక్కువ ఉన్నవాళ్ళ ముందు అలా చేయి చాచడం తగదు.

నాంపెన్‌లో నది ఒడ్డుకు తప్పకుండా వెళ్ళండి. అక్కడ టోన్లే సాప్ అనే నది మెకాంగ్‌లో కలుస్తుంది. వానాకాలంలో మెకాంగ్ ఎంతగా పొంగుతుందంటే, ఈ నది ఎదురు తిరిగి, వచ్చిన దారినే వెనక్కి పారి, పైనున్న పెద్ద సరస్సును నింపుతుంది. వానలు తగ్గాక మళ్ళీ కిందికి పారుతుంది. ఏటా ఇంతే. నేలవాలు ఎంత, నీటిమట్టం ఎంత అని నేను మీకు లెక్కలు చెప్పబోయి మానుకుంటున్నాను. ఒక నది తన దారి మార్చుకుని వెనక్కి నడుస్తుందంటే ఇంకేం చెప్పను! ఒడ్డున పడవవాళ్ళుంటారు, ఏ నెలలో నీళ్ళు ఎటు పారతాయో వాళ్ళనడగండి, చేతులతో చూపిస్తారు.

అంకోర్ వాట్ గుడి ముఖం పడమటికి ఉంటుంది. పన్నెండో శతాబ్దంలో రెండో సూర్యవర్మ కట్టించాడు. పడమటి వాకిలి నుంచి లోపలికి వెళ్ళి కుడివైపు నడవాలోకి తిరగండి. గోడ పొడుగునా కురుక్షేత్రం చెక్కి ఉంటుంది. ఎడమ నుంచి కౌరవులు, కుడి నుంచి పాండవులు వస్తుంటారు. ఆ సేనల్లో అంపశయ్య మీది భీష్ముణ్ణీ, నాలుగు చేతులతో రథం తోలుతున్న కృష్ణుణ్ణీ మీరే వెతకండి. పక్కన గైడ్ చెబుతున్నా వినకుండా ముందు మీ కళ్ళతో పోల్చుకోండి. ఇంకా ఎవరెవరిని గుర్తుపట్టారో నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య