నగరాల వాతావరణంపై పరిశోధన: అపోహలు - వాస్తవాలు

వాతావరణం నగరాలను ఎలా దెబ్బతీస్తుందో పరిశోధిస్తానని చెబితే, అవతలివాళ్లు వెంటనే అడిగేది ఒకటే: "అయితే రేపు వాన పడుతుందా?"

అపోహ: వాతావరణం చదివినవాళ్లంతా సూచనలు చెబుతారు.

అది వేరే నిపుణుల పని. పడిన వాన కాంక్రీటులోకి ఇంకలేక ఎవరి ఇంట్లోకి చేరుతుందన్నది మా ప్రశ్న.

అపోహ: ఉపగ్రహాలున్నాయిగా, ఫీల్డ్‌లో పనేముంది?

ఎక్కువగా వినేది, నాకు కాస్త ఒళ్లు మండేదీ ఇదే. ఉపగ్రహం చూపేది నేల, పైకప్పుల ఉపరితల ఉష్ణోగ్రత. మనుషులు తిరిగేది గాలిలో. ఎండాకాలం మధ్యాహ్నం గాలి 40 డిగ్రీలుంటే తారురోడ్డు 60 దాటొచ్చు. మబ్బు పట్టిందంటే వేడిని చూపే ఆ థర్మల్ చిత్రం కూడా రాదు. చెట్ల కింద సందులో ఎంత వేడి ఉందో పైనుంచి తెలియదు. అందుకే దీపస్తంభాలకు సెన్సర్లు బిగిస్తాం. సెన్సర్ చుట్టూ గాలి ఆడేలా, ఒకదానిపై ఒకటి పేర్చిన తెల్లటి పళ్లేల తొడుగు ఉండాలి, లేకపోతే గాలి వేడి బదులు ఎండకు కాలిన సెన్సర్ వేడే నమోదవుతుంది. పక్కనే ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఉంటే ఆ చోటు వదిలేయాల్సిందే. (స్తంభం ఏ శాఖదో కనుక్కుని అనుమతి తెచ్చుకోవడం ఇంకో పరిశోధన.)

అపోహ: నగరంలో వేడి సమస్యంతా మధ్యాహ్నానిదే.

నగరానికీ చుట్టుపక్కల ఊళ్లకీ తేడా బాగా తెలిసేది రాత్రిపూట, ముఖ్యంగా గాలి ఆడని, మబ్బులేని రాత్రుల్లో. లండన్‌లో ల్యూక్ హోవార్డ్ అనే వాతావరణ పరిశీలకుడు 200 ఏళ్ల క్రితమే ఇది గమనించాడు. గోడలూ రోడ్లూ పగలంతా దాచుకున్న వేడిని రాత్రి వదులుతాయి. ఎత్తైన భవనాల మధ్య ఆకాశం కొంచెమే కనిపిస్తుంది కాబట్టి ఆ వేడి తొందరగా పైకి పోదు. శరీరం తేరుకోవాల్సిన సమయమూ అదే. 1995 జులైలో షికాగో వడగాడ్పులకు 700 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఒంటరిగా ఉండే వృద్ధులు చాలామంది. ఈ రంగంలో డాక్టర్లతో, సమాజశాస్త్రవేత్తలతో కలిసి పనిచేయక తప్పదు.

అపోహ: భూమి వేడెక్కుతోందంటే అది నగరాల వేడే.

నగరాలు లేని సముద్రాలూ వేడెక్కుతున్నాయి. నగరవాసికి మాత్రం రెండు వేడులూ కలిసి తగులుతాయి.

అపోహ: చెట్లు నాటి, తెల్ల రంగు వేస్తే చాలు.

పగటి నీడకు చెట్టును మించింది లేదు. కానీ ఇరుకు వీధిలో గుబురు కొమ్మలు రాత్రి వేడిని కొంత ఆపుతాయి. పైకప్పుకు తెల్ల రంగు మంచిదే. అదే రంగు రోడ్డుకు వేస్తే ఎండ ప్రతిఫలించి నడిచేవాళ్ల మీదే పడుతుంది.

అపోహ: పరిశోధన పేపర్ అచ్చయితే పని అయిపోయినట్టే.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు, అంటే కుండపోతలు ఇంకా ముదురుతాయి. డ్రైనేజీ గొట్టం సైజు మాత్రం సాధారణంగా పాత వర్షాల లెక్కలతోనే నిర్ణయిస్తారు. ఆ లెక్కలు మార్చమని ఇంజనీర్లతో కూర్చుని, ఖర్చు దగ్గర వాదించి, మళ్లీ పట్టికలు వేసుకు రావడంలోనే నా ఉద్యోగం సగం గడుస్తుంది.