కాళ్లకు లైటు పెట్టించుకునే ముందు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

అనంతపురం ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానంలో తెల్లారకముందే పరుగు మొదలుపెట్టే మీలో చాలామంది 'కండరాల మీద లైటు పెట్టించుకుంటే కాళ్లు అలసిపోవంట, నిజమేనా?' అని అడుగుతున్నారు. కొంత నిజమే నాయనా. ఆ కొంత ఏదో తెలుసుకుని పెట్టించుకోండి.

ఆ లైటు పెట్టే పరికరంలో ఉండేవి లేజర్లు, ఎల్‌ఈడీలు. కొన్ని 640 నానోమీటర్ల (కాంతి తరంగం పొడవుకు కొలత) దగ్గరి ఎరుపు కాంతినిస్తాయి. కొన్ని 800 నుంచి 905 మధ్య, కంటికి కనిపించని పరారుణ కాంతినిస్తాయి. లోతుగా దిగేది ఈ రెండోదే. కణంలో శక్తి తయారయ్యే చోటైన మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము ఈ కాంతిని పీల్చుకుని, కండరానికి ఇంధనం లాంటి ఏటీపీ తయారీకి ఊతమిస్తుందని శాస్త్రజ్ఞుల వివరణ. ఇందులో వేడితో పనిలేదు. ఫిజియోథెరపీ గదిలో కాపడం పెట్టే ఎర్రబల్బు వేరు, ఇది వేరు.

అంతా మోతాదులోనే ఉంది. వాట్లను సెకన్లతో గుణిస్తే జౌళ్లు, అంటే ఎంత శక్తి అందిందో ఆ లెక్క, వస్తాయి. 200 మిల్లీవాట్ల (0.2 వాట్ల) లేజరును ఒకచోట 150 సెకన్లు ఉంచితే 30 జౌళ్లు. తొడ ముందు కండరం మీద ఆరుచోట్ల అలా పెడితే 180. ఒక్కో కాలికి పావుగంట పడుతుంది. పెద్ద కండరాలకు 60 నుంచి 300, చిన్నవాటికి 20 నుంచి 60 జౌళ్లు చాలని ఈ రంగంలోని పరిశోధకులు సూచించారు. తక్కువైతే పని చేయదు. ఎక్కువైతే వచ్చే మేలు కూడా పోతుంది. కాబట్టి 'ఇంకో పది నిమిషాలు పెట్టన్నా' అని బతిమాలొద్దు.

ఎప్పుడు పెట్టాలన్నదాంట్లోనే మనవాళ్లు ఎక్కువగా పొరపడుతున్నారు. పరుగయ్యాక, నొప్పి మొదలయ్యాక పోతారు. అలుపు తగ్గాలంటే వ్యాయామానికి ముందే, 5 నిమిషాల నుంచి 6 గంటల లోపు పెట్టాలి.

చెమట, నూనె తుడిచేయండి. ట్రాక్‌ప్యాంటు మీద నుంచి పెడితే దండగ. పరికరం మొనను చర్మానికి నిటారుగా, కాస్త అదిమి, కదలకుండా పట్టుకోవాలి. సందు ఉంటే కొంత కాంతి పక్కకు పోతుంది. లేజరు నుంచి కాపాడే కళ్లద్దాలు తప్పనిసరి, ఎందుకంటే పరారుణం కనబడదు గనక కన్ను దానంతటది మూసుకోదు. చర్మం ఎంత నల్లగా ఉంటే అంత ఎక్కువ కాంతిని పైనే పట్టేస్తుంది. చురుక్కుమంటే వెంటనే చెప్పండి, పవరు తగ్గిస్తారు. పచ్చబొట్టు మీద అసలు పెట్టొద్దు. మొటిమలకు డాక్సీసైక్లిన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి.

కొన్ని పరికరాల్లో దీపాల చుట్టూ 35 మిల్లీటెస్లాల (అయస్కాంత బలానికి కొలత) అయస్కాంతం కూడా ఉంటుంది. కాంతితో కలిసి అది మేలు చేస్తుందని కొన్ని పరీక్షలు చెప్పాయి, అయస్కాంతం ఒక్కదానికే ఆధారం బలహీనం. సంతలో అమ్మే అయస్కాంత కడియాలకు డబ్బు తగలేయొద్దు. పేస్‌మేకర్ ఉన్న అవ్వకో తాతకో దగ్గరగా ఆ పరికరాన్ని తేవొద్దు.

దీపం వెలగని ఉత్తుత్తి పరికరంతో పోల్చి చూసినప్పుడు కొన్ని పరీక్షల్లో తేడా వచ్చింది, కొన్నింటిలో రాలేదు. మన ఏప్రిల్ ఎండలో నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ, రాత్రి ఎనిమిది గంటల నిద్ర లేకుండా ఏ దీపమూ మిమ్మల్ని నిలబెట్టదు. గట్టి వ్యాయామం తర్వాత మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే లైటు కాదు, ఆ పూటే ఆసుపత్రికి పోండి.

పెట్టేవాళ్లను మూడు అడగండి: ఎన్ని నానోమీటర్లు, ఎన్ని మిల్లీవాట్లు, ఒక్కో చోట ఎన్ని సెకన్లు. చెప్పలేకపోతే లేచి వచ్చేయండి.

ఇట్లు,
మీ తాత