ముర్రే–డార్లింగ్: ముందు పంచేశారు, తర్వాత లెక్కపెట్టారు

ఆస్ట్రేలియా ప్రభుత్వం తన నదిలోని నీళ్లను, నదిలోనే పారనివ్వడానికి, తన రైతుల దగ్గరే డబ్బిచ్చి కొంటోంది. ముర్రే, డార్లింగ్ నదుల పరీవాహక ప్రాంతం సుమారు 10 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే దేశంలో ఏడో వంతు. అక్కడి ఊళ్లు ఈ కొనుగోళ్లను గట్టిగా వ్యతిరేకిస్తున్నాయి. ఈ పరిస్థితి ఒక్కరోజులో రాలేదు.

1886లో విక్టోరియా వలస రాజ్యంలో మంత్రి ఆల్‌ఫ్రెడ్ డీకిన్ ఒక చట్టం తెచ్చాడు. నదీజలాలు ప్రభుత్వానివే, రైతుకు ఉండేది వాడుకునే హక్కు మాత్రమేనన్నది దాని సారం. (కాలిఫోర్నియా కాలువలు చూసొచ్చి ఈ పని చేసిన డీకిన్, 1890లో మన దేశపు సాగునీటి పనులు చూడ్డానికీ వచ్చాడు. తర్వాత ప్రధాని అయ్యాడు.) చట్టం బాగానే ఉంది. ఇబ్బందల్లా లైసెన్సులు ఇచ్చిన తీరుతోనే. అడిగినవాళ్లకు ఇస్తూ పోయారు తప్ప, నదిలో ఎన్ని నీళ్లున్నాయో, కరువు ఏడాది ఎన్ని మిగులుతాయో చూసుకోలేదు.

1901లో రాష్ట్రాలన్నీ కలిసి ఒకే దేశమైనప్పుడు నీళ్ల దగ్గరే పేచీ వచ్చింది. దిగువనున్న సౌత్ ఆస్ట్రేలియాకు పడవలు తిరగడం ముఖ్యం, ఎగువ రాష్ట్రాలకు సాగు ముఖ్యం. చివరికి రాజ్యాంగంలో 100వ సెక్షన్ పెట్టారు: నదీజలాలను సమంజసంగా వాడుకునే రాష్ట్రాల హక్కును కేంద్రం తన వాణిజ్య చట్టాలతో తగ్గించకూడదు. ఏది సమంజసమో మాత్రం రాయలేదు. కృష్ణా ట్రిబ్యునల్ వాదనలు ఫాలో అయినవాళ్లకు ఇదేమీ కొత్తగా అనిపించదు. 1914లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆల్బరీ దగ్గర పారే ముర్రే నీటిని న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా చెరి సగం పంచుకోవాలి, సౌత్ ఆస్ట్రేలియాకు కనీస వాటా వదలాలి. నది కోసం వాటా అంటూ ఎవరూ ఏమీ ఉంచలేదు.

ఆ తర్వాత డ్యాములు, పత్తి, వరి, ద్రాక్ష. 1981లో ముర్రే సముద్రంలో కలిసే చోట ఇసుక మేట వేసి నది మూసుకుపోయింది. 1991లో డార్లింగ్ మీద 1000 కిలోమీటర్ల పొడవునా విషపు నాచు పరుచుకుంది. అప్పుడు గానీ సర్కార్లు కదల్లేదు.

1994 సంస్కరణలు నీటి హక్కును భూమి నుంచి విడదీసి, విడిగా అమ్ముకోవచ్చన్నాయి. 1995లో ఇకపై తోడే నీటికి పరిమితి పెట్టారు. ఎక్కువ విలువిచ్చే పంటకు నీళ్లు వాటంతట అవే చేరతాయని ఆశ. అది కొంతవరకు జరిగింది కూడా. కానీ ఏళ్ల తరబడి వాడకుండా బీరువాల్లో పడున్న లైసెన్సులకు ఒక్కసారిగా ధర వచ్చింది. వాటిని కొన్నవాళ్లు నిజంగానే మోటార్లు పెట్టారు. నదిని కాపాడటానికి తెచ్చిన మార్కెట్, నిద్రపోతున్న హక్కులను లేపింది. అంతకంటే పెద్ద చిక్కు, లైసెన్సు ఇప్పుడు ఆస్తి అయింది. ఆస్తిని ఊరికే వెనక్కి తీసుకోలేరు.

1990ల చివర్లో మొదలై 2009 దాకా సాగిన మహా కరువు కేంద్రాన్ని రంగంలోకి దింపింది. 2007లో ప్రధాని జాన్ హోవర్డ్ 1000 కోట్ల డాలర్ల ప్లాన్ ప్రకటిస్తే, అధికారం అప్పగించడానికి విక్టోరియా ససేమిరా అంది. కేంద్రం వేరే దారి వెతికింది. చిత్తడి నేలల రక్షణకు 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం అమలు బాధ్యత కేంద్రానిదేనంటూ, ప్రధానంగా దాని అండతో జల చట్టం చేసింది. సొంత నది మీద చట్టానికి ఎక్కడో ఇరాన్ ఊరి ఒప్పందం ఆధారం కావడం నాకైతే ఈ కథలో అన్నిటికన్నా విచిత్రం.

2010లో నదికి కనీసం 3000 గిగాలీటర్లు (సుమారు 106 టీఎంసీలు) వదలాలని ముసాయిదా వస్తే, సాగు మీద బతికే గ్రిఫిత్ పట్టణంలో దాని ప్రతులు తగలబెట్టారు. 2012 ప్లాన్‌లో అది 2750కి తగ్గింది, అదనంగా 450 గిగాలీటర్ల హామీతో. సౌత్ ఆస్ట్రేలియా వేసిన రాయల్ కమిషన్ (ఉన్నతస్థాయి విచారణ సంఘం) 2019లో తేల్చిందేమంటే, ఆ సంఖ్య సైన్స్ కన్నా రాజకీయాలకే లొంగిందని. అదే సీజన్లో డార్లింగ్ ఒడ్డున మెనిండీ దగ్గర లక్షల చేపలు చచ్చి తేలాయి. ఇన్ని బేరాల్లోనూ వేల ఏళ్లుగా ఆ ఒడ్డున బతికిన ఆదివాసీ జాతులకు దక్కిన నీటి హక్కు ఒక శాతంలో అయిదో వంతు కూడా కాదు.

నది కోసం ప్రభుత్వం రైతుల దగ్గర చేసే కొనుగోళ్లకు 2015లో 1500 గిగాలీటర్ల పరిమితి పెట్టారు. 2023 చట్టం దాన్ని ఎత్తేసి, బాకీ పడ్డ 450 గిగాలీటర్ల గడువును 2027 చివరికి జరిపింది. దానికి ముందు రాష్ట్రాలతో కుదిరిన ఒప్పందం మీద విక్టోరియా సంతకం పెట్టలేదు.