అమెరికా రైతు, చట్టసభ సభ్యుడు పోల్క్: అపోహలు - వాస్తవాలు

నేను డిగ్రీ విద్యార్థులకు అమెరికా చరిత్ర చెబుతాను. పందొమ్మిదో శతాబ్దపు రైతు ఉద్యమాల పాఠం వచ్చిన ప్రతిసారీ క్లాసులో అవే మాటలు వింటాను. అందుకే లియోనిడస్ లఫాయెట్ పోల్క్ అనే ఒక్క మనిషిని తీసుకుని చెబుతాను. 1837లో నార్త్ కరోలినాలోని ఆన్సన్ కౌంటీలో పుట్టాడు, చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నాడు, పత్తి పండించాడు.

అపోహ: చట్టసభకు వెళ్లాడంటే సేద్యం మానేసినట్టే.

వాస్తవం: అప్పట్లో అక్కడ రాష్ట్ర చట్టసభ మామూలుగా రెండేళ్లకోసారి, అదీ చలికాలంలో పొలం పని తక్కువగా ఉన్నప్పుడు కూర్చునేది, సభ్యులకు రోజు లెక్కన భత్యం ఇచ్చేవాళ్లు. దాని మీద బతకడం కుదరదు. పోల్క్ 1860లో, 23 ఏళ్లకే ఎన్నికయ్యాడు. దేశం చీలకూడదన్న పక్షం ఆయనది, అయినా ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధంలో తన రాష్ట్రం దేశం నుంచి విడిపోయాక దక్షిణాది సైన్యంలోనే చేరి గెటిస్‌బర్గ్ పోరులో గాయపడ్డాడు. 1864లో మళ్లీ సభకు ఎన్నికయ్యాడు.

అపోహ: చేసిన మేలంతా సభలో ఉండగానే చేశాడు.

వాస్తవం: ఇది పూర్తిగా తప్పు, నేను ఎక్కువసేపు ఆగేది కూడా ఇక్కడే. యుద్ధం తర్వాత దక్షిణాది రైతు చేతిలో డబ్బు లేదు. విత్తనం, తిండిగింజలు, ఎరువు అన్నీ కొట్టు యజమాని అప్పు మీద ఇచ్చి, ఇంకా పండని పంటను తాకట్టు రాయించుకునేవాడు, అప్పు సరుకుకు నగదు ధర కంటే బాగా ఎక్కువ వేసేవాడు. 1870ల మొదట్లో పౌండు (దాదాపు అరకిలో) 12 సెంట్ల పైన పలికిన పత్తి 1891 నాటికి ఏడెనిమిది సెంట్లకు పడిపోయింది, అంటే అదే అప్పు తీర్చడానికి ఇంకా ఎక్కువ పత్తి తూకం వేయాలి. దానికి తోడు ఎరువు మోసం. బస్తాలో అసలు సరుకెంతో, మట్టి ఎంతో పంట దెబ్బతిన్నాక గానీ తెలిసేది కాదు, అప్పటికి అప్పు పత్రం మీద సంతకం అయిపోయి ఉండేది. (నకిలీ విత్తనాల దెబ్బ తిన్న మన పత్తి రైతుకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.)

రాష్ట్రానికి వ్యవసాయ శాఖ కావాలని పోల్క్ ఊరూరా తిరిగి, పత్రికల్లో రాసి పట్టుబట్టాడు. 1877లో శాఖ ఏర్పడింది, మొదటి కమిషనర్ ఆయనే. ఎరువు అమ్మే కంపెనీ ఒక్కో బ్రాండుకు ఏడాదికి 500 డాలర్లు కట్టాలి, ఆ డబ్బుతో శాఖ పని నడిచేది, చాపెల్‌హిల్ పట్టణంలోని పరిశోధన కేంద్రంలో ఎరువులను పరీక్షించేవాళ్లు. నా దృష్టిలో ఆయన చేసిన అన్ని ప్రసంగాల కంటే ఈ పరీక్షే పెద్దది.

1886లో 'ప్రోగ్రెసివ్ ఫార్మర్' పత్రిక పెట్టాడు. రాష్ట్రాల్లో వ్యవసాయ విద్య నేర్పే కాలేజీలకు కేంద్రం సాయం చేసే 1862 మోరిల్ చట్టం కింద వచ్చిన నిధులు తీసుకుంటూ రాష్ట్ర విశ్వవిద్యాలయం సేద్యం సరిగా నేర్పడం లేదని అందులో పోరాడాడు, 1887లో రాష్ట్ర రాజధాని రాలీలో విడిగా వ్యవసాయ కాలేజీకి చట్టం వచ్చింది. ఈ మోరిల్ చట్టం కథ మనదాకా వచ్చింది కూడా: 1964లో హైదరాబాద్‌లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు సాయం చేసిన కాన్సాస్ స్టేట్ ఆ చట్టంతో పుట్టిన సంస్థే.

అపోహ: రైతు ఉద్యమం కాబట్టి అందరు రైతులకూ చోటుంది.

వాస్తవం: లేదు. పోల్క్ పెరిగిందే బానిసల చాకిరీ మీద నడిచిన పత్తి సేద్యంలో. 1889లో ఆయన జాతీయ అధ్యక్షుడైన రైతు కూటమిలో నల్లవాళ్లను చేర్చుకోలేదు, వాళ్లు వేరే కూటమి కట్టుకున్నారు. 1891లో నల్లజాతి కూలీలు వంద పౌండ్ల పత్తి ఏరితే ఒక డాలరు కావాలని సమ్మెకు దిగినప్పుడు పోల్క్ వ్యతిరేకించాడు. ఎరువు బస్తా దగ్గర రైతు పక్షాన నిలబడిన మనిషే ఇక్కడ ఆసామి పక్షాన నిలబడ్డాడు, ఈ రెండూ చెప్పకుండా ఆయన గురించి పాఠం ముగించను.

అపోహ: బతికుంటే అమెరికా అధ్యక్షుడయ్యేవాడు.

వాస్తవం: రైతు ఉద్యమం నుంచి పుట్టిన పీపుల్స్ పార్టీకి అధ్యక్ష అభ్యర్థి అయ్యే అవకాశం గట్టిగానే ఉండేది. కానీ అభ్యర్థిని ఎంచుకునే ఒమాహా మహాసభకు మూడు వారాల ముందు, 1892 జూన్ 11న చనిపోయాడు. ఆ టికెట్ జేమ్స్ వీవర్‌కు దక్కింది, పది లక్షలకు పైగా ఓట్లొచ్చాయి, కానీ దక్షిణాదిలో ఒక్క రాష్ట్రం కూడా గెలవలేదు.