బాటిల్ పట్టుకుని వెంట వచ్చే ఇంటివాళ్ళ కోసం: మారథాన్ శిక్షణపై అపోహలు – వాస్తవాలు

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి నెల్లూరు నుంచి మైపాడు వెళ్ళే రోడ్డు మీద చూడండి. ముందు ఒకాయన పరుగెత్తుతుంటాడు. వెనక స్కూటీ మీద భార్య, కాళ్ళ దగ్గర సంచిలో రెండు లీటర్ల సీసాలు. ప్రతి కిలోమీటరుకీ బండి పక్కకి తెచ్చి "ఇంకో రెండు గుక్కలు తాగండి" అంటుంది. దాహం లేకపోయినా ఆవిడ ఆరాటం చూసి ఆయన తాగేస్తాడు. ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్ళే దారిలోనూ ఇదే వరస. రన్నర్లకి శిక్షణ ఇచ్చే మాకు వారం వారం ఎదురయ్యేది ఈ సీసా గొడవే. ఆ ప్రేమకి దండం పెట్టాల్సిందే. కానీ ఇంటివాళ్ళు నమ్మే మాటలన్నిటిలో ప్రాణం మీదికి తెచ్చేది ఇదే కాబట్టి ముందు దీని సంగతి తేల్చాలి.

అపోహ: ఎన్ని నీళ్ళు తాగితే అంత మంచిది. దాహం వేసేలోపే తాగించాలి.

వాస్తవం: చెమటగా పోయేదానికంటే ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. ఉండాల్సింది లీటరు రక్తానికి 135 నుంచి 145 మిల్లీమోల్స్ (లవణాల కొలత) మధ్య. అది బాగా పడిపోతే నీరు కణాల్లోకి చేరి మెదడు ఉబ్బుతుంది. తలనొప్పి, వాంతులు, తికమక, ఆపైన ఫిట్స్. మనుషులు పోయిన సందర్భాలున్నాయి. 2002 బోస్టన్ మారథాన్ పూర్తిచేసిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం 135, లేదా అంతకన్నా తక్కువ ఉంది. వాళ్ళలో ఎక్కువగా కనిపించిన లక్షణం ఏమిటంటే, పరుగు మొదలుపెట్టినప్పటికంటే ముగించేటప్పటికి బరువు పెరగడం. నాలుగు గంటలకి మించి పరుగెత్తినవాళ్ళకి ముప్పు ఎక్కువ.

ఇక్కడే చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. మూడు గంటల్లో ముగించే గట్టి రన్నర్‌కి తాగే తీరికా ఉండదు, చెమట కూడా ధారగా పోతుంది. మొదటిసారి మారథాన్‌కి దిగి, ఐదారు గంటలు నిదానంగా వెళ్తూ, ప్రతి నీళ్ళ స్టాల్ దగ్గరా ఆగి రెండు కప్పులు తాగేవాళ్ళకే ఈ ప్రమాదం. చిన్న శరీరం ఉన్న ఆడవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇంట్లో అందరూ భయపడి ఎక్కువ తాగించేది కూడా వీళ్ళకే.

"ఎక్కువైతే మూత్రంగా పోతుందిలే" అంటారు. ఇంట్లో కూర్చున్నప్పుడు పోతుంది. గంటల తరబడి పరుగెత్తేటప్పుడు శరీరం ఏడీహెచ్ అనే హార్మోన్ని వదులుతుంది, అది కిడ్నీలని నీరు పట్టి ఉంచమంటుంది. అప్పుడు తాగిన నీరు లోపలే ఉండిపోతుంది. మోకాలి నొప్పికని పరుగుకి ముందు ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్ర వేస్తే ఈ పట్టు ఇంకా బిగుస్తుంది, కిడ్నీల మీద భారమూ పడుతుంది. రేసు రోజు కిట్‌లో ఆ మాత్రలు పెట్టనే పెట్టకండి.

మరి ఎంత తాగాలి? ఇంట్లో డిజిటల్ తూకం ఉంటే భార్యో భర్తో చేయగలిగిన అసలైన సాయం ఇదే. పరుగుకి ముందు మూత్రానికి వెళ్ళొచ్చాక, బూట్లు లేకుండా, వీలైనంత తక్కువ బట్టలతో బరువు చూడండి. తిరిగొచ్చాక ఒళ్ళు తుడుచుకుని, తడి బనియన్ తీసేసి మళ్ళీ చూడండి. తడిసిన టీషర్టుతో తూగితే లెక్క తప్పుతుంది. ఉదాహరణకి ముందు 64 కిలోలు, గంటన్నర తర్వాత 62.9, దారిలో తాగింది 500 మి.లీ. అనుకుందాం. తగ్గిన 1.1 కిలోకి తాగిన అర లీటరు కలిపితే పోయిన చెమట 1.6 లీటర్లు, అంటే గంటకి లీటరు పైచిలుకు. అదంతా దారిలోనే పూడ్చాలని లేదు, కడుపు పట్టదు కూడా. బరువు రెండు శాతం దాకా తగ్గితే కంగారు పడకండి. మూడు శాతం దాటితే వచ్చే వారం గంటకి 150 మి.లీ. పెంచండి. బరువు అలాగే ఉన్నా, పెరిగినా ఎక్కువ తాగిస్తున్నారన్నమాట, తగ్గించండి. చాలామందికి గంటకి 400 నుంచి 700 మి.లీ. మధ్య సరిపోతుంది, ఆ లోపల దాహమే కొలత. ఈ లెక్క ఒక్కసారి కడితే చాలదు. మే నెల ఉక్కలో వచ్చిన అంకె నవంబరు వానల్లో పనికిరాదు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి సిద్ధమయ్యేవాళ్ళ లాంగ్ రన్‌లు, అంటే శిక్షణలో చేసే దూరపు పరుగులు, మన నడి ఎండల్లో పడతాయి. జనవరిలో చెన్నై, ముంబయి రేసులకి వెళ్ళేవాళ్ళవి ఈశాన్య రుతుపవనాల వానల్లో పడతాయి. రెండిటికీ విడివిడిగా తూచాలి.

సీసాలు అర లీటరువి తీసుకోండి. మార్కర్‌తో వంద మి.లీ.కి ఒక గీత పెట్టండి, ఎంత తాగారో చెప్పడానికి గీతే సాక్షి. ఒకదాంట్లో మామూలు నీళ్ళు, ఇంకోదాంట్లో ఓఆర్ఎస్. ఐదు కిలోమీటర్లకోసారి ఆగి "కావాలా?" అని అడగండి చాలు. వద్దంటే వద్దు.

"ఉప్పు వేశాం కదా, ఇంక ఎంత తాగినా పరవాలేదు" అనేది ఆ మొదటి అపోహకి తోబుట్టువు. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ఓఆర్ఎస్‌లో సోడియం లీటరుకి 75 మిల్లీమోల్స్. రక్తంలో 140 దగ్గర. అంటే ఓఆర్ఎస్ కూడా రక్తం కంటే పలచనే, మోతాదు మించితే అదీ పలచన చేస్తుంది. స్పోర్ట్స్ డ్రింకుల్లో ఇంకా తక్కువ. 20.5 గ్రాముల ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. సగం చించి సగం దాస్తే లవణాలు సమానంగా రావు. గ్లాసుడు నీళ్ళలో ప్యాకెట్టంతా గుమ్మరిస్తే చిక్కబడి కడుపులో తిప్పుతుంది. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. తియ్యగా ఉండే టెట్రా ప్యాక్ డ్రింకుని ఓఆర్ఎస్ అనుకోకండి, లేబుల్ చదవండి. కొబ్బరినీళ్ళు మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. కాబట్టి బొండం తాగినా ఉప్పు లోటు ఉప్పు లోటే. పరుగు ముగిశాక పావు చెంచా ఉప్పు వేసిన మజ్జిగ చక్కగా పనిచేస్తుంది. పరుగు మధ్యలో మాత్రం మజ్జిగ చాలామందికి పడదు.

పరుగు మధ్యలో ఇంటివాళ్ళ కంటికి ముందుగా కనిపించే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఉంగరం బిగుసుకోవడం, వాచీ పట్టీ చర్మంలోకి నొక్కుకుపోవడం, కడుపు ఉబ్బినట్టుందని చెప్పడం, నీళ్ళు వాంతి కావడం, దాంతోపాటు తలనొప్పి. ఇవి చూసి "నీరసించాడు" అనుకుని ఇంకో సీసా తెరవకండి. నీళ్ళు ఆపి, పరుగు ఆపించండి. ఈ గుర్తులతోపాటు మాట తడబడినా, అడిగినదానికి పొంతన లేకుండా జవాబు చెప్పినా నేరుగా ఆసుపత్రికే. అక్కడ మూడు విషయాలు చెప్పండి: ఎన్ని గంటలు పరుగెత్తారు, ఎన్ని లీటర్లు తాగారు, బరువు పెరిగిందా తగ్గిందా. సెలైన్ ఎక్కించే ముందే సోడియం పరీక్ష చేయమని అడగండి. పరుగెత్తి పడిపోయాడనగానే డీహైడ్రేషన్ అని మామూలు సెలైన్ పెట్టడం అలవాటైన పని. సోడియం పడిపోయిన మనిషికి కావాల్సింది ఉప్పు ఎక్కువున్న గాఢమైన సెలైన్, దాన్ని డాక్టరు నిర్ణయించాలి. ఆ నిర్ణయానికి దారిచూపేది మీరు చెప్పే మూడు ముక్కలే.

అపోహ: చెమట పడుతోందంటే వడదెబ్బ కాదు. పడిపోతే ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

వాస్తవం: పరుగులో వచ్చే వడదెబ్బలో ఒళ్ళంతా చెమటతో తడిసి ఉండవచ్చు. లోపలి వేడి 40 డిగ్రీలు దాటడం, బుద్ధి తప్పి మాట్లాడటం, ఇవి రెండూ దాని గుర్తులు. చంకలో పెట్టిన థర్మామీటర్ తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి కూర్చోకండి. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపు అక్కడికక్కడే చల్లబరచండి. టబ్బు, ఐసు ఉంటే మెడ దాకా ముంచి, చంకల కింద చేతులేసి పట్టుకోండి. లేకపోతే పొలం గట్టు మీద బోరు నడుస్తుంటే ఆ ధార కింద పడుకోబెట్టండి. అదీ లేకపోతే బకెట్లతో ఆగకుండా నీళ్ళు పోస్తూ విసరండి. అరగంటలోపు వేడి దించడమే ప్రాణం నిలబెడుతుంది. తెలివి సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఫినిష్ లైన్ దాటగానే కళ్ళు తిరిగి కూలబడటం వేరు. అప్పటిదాకా కాళ్ళ కండరాలు రక్తాన్ని పైకి తోస్తుంటాయి. ఠక్కున ఆగితే అది కాళ్ళలోనే నిలిచిపోతుంది. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెడితే కొద్ది నిమిషాల్లో తేరుకుంటారు. తేరుకోకపోతే సోడియం పడిపోవడమో, వడదెబ్బో అని అనుమానించండి.

అపోహ: రేసు ముందు రాత్రి కడుపు నిండా పెడితే మర్నాడు బలం.

వాస్తవం: ముందు రాత్రి బిర్యానీతో బలం రాదు, తెల్లవారుజామున టాయిలెట్ క్యూలో నిలబడాల్సి వస్తుంది. కండరాల్లో గ్లైకోజెన్ (పరుగుకి ఇంధనంగా నిల్వ ఉండే పిండిపదార్థం) నిండటానికి ఒకటిన్నర, రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ బరువులో కిలోకి 8 గ్రాముల పిండిపదార్థం చొప్పున, 64 కిలోల మనిషికి రోజుకి 500 గ్రాముల పైన, నాలుగైదు పూటలుగా పంచండి. వండిన అన్నం వంద గ్రాములకి 28 గ్రాములు వస్తుంది. మిగతాది ఇడ్లీ, బెల్లం, అరటిపండు, పలచటి చారన్నంతో నింపండి. నూనె, ముదురు ఆకుకూర, పప్పు ఆ రెండు రోజులూ తగ్గించండి. చేపల పులుసు పరుగైపోయాక మధ్యాహ్నానికి దాచండి, ఆ పులుపూ కారమూ రేసు ఉదయం కడుపులో ఉండకూడదు. దారిలో గంటకి 30 నుంచి 60 గ్రాములు చాలు: ఓ మోస్తరు అరటిపండుకి 25, పది గ్రాముల బెల్లం ముక్కకి 9. ప్యాకెట్లలో వచ్చే తియ్యటి ఎనర్జీ జెల్ అయినా బెల్లమైనా లాంగ్ రన్‌లో నాలుగైదుసార్లు పరీక్షించిందే రేసులో ఇవ్వాలి.

అపోహ: చివరి రెండు వారాలు పరుగు తగ్గింది కదా, ఇంటి పనులన్నీ అప్పుడు పెట్టుకోవచ్చు.

వాస్తవం: రేసు ముందు ఇలా పరుగు తగ్గించడాన్ని టేపర్ అంటారు, టేపర్ అంటే ఖాళీ కాదు. నెలల తరబడి అలిసిన కండరం బాగుపడేది అప్పుడే. పెళ్ళిలో రోజంతా నిలబడి వడ్డిస్తే ఆ లాభమంతా పోతుంది. అయితే ఇంటివాళ్ళ కోపంలోనూ న్యాయం ఉంది. రన్నర్లు మూడు గంటల పరుగుని మూడు గంటలనే చెబుతారు. వెళ్ళిరావడం, స్నానం, తిండి, మధ్యాహ్నం నిద్ర కలిపితే ఆదివారంలో ఆరేడు గంటలు పోయినట్టే. వంటింటి క్యాలెండర్ మీద ఆ ఆరేడు గంటలూ ముందే రాయండి. ఏ ఆదివారం పూర్తిగా పిల్లలదో కూడా అక్కడే రాయండి. దాచిన గంటల మీదే ఇళ్ళలో గొడవలు మొదలవుతాయి.

పరుగెత్తేది భార్య అయితే లెక్క ఇంకోలా ఉంటుంది. ఆమె నాలుగింటికి లేచి 25 కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి, ఎనిమిదింటికి అందరికీ దోసెలు పోస్తుంటే ఆ ఇంట్లో సాయం లేనట్టే. లాంగ్ రన్ రోజు టిఫిన్, పిల్లల స్నానాలు భర్తవి. ఆమె వచ్చిన గంటలోపు 20–25 గ్రాముల మాంసకృత్తులు పళ్ళెంలో ఉండాలి: మూడు గుడ్లు, ఒక గ్లాసు పాలు. దాంతోపాటు అన్నమో ఇడ్లీయో. శిక్షణలో నెలసరి ఆగిపోతే "కష్టపడుతోంది కదా, మామూలే" అనే మాట మమ్మల్ని బాగా బాధపెడుతుంది. అది మామూలు కాదు. గర్భం కాకపోతే, చేసే పనికి తగ్గ తిండి అందట్లేదనడానికి అదే పెద్ద గుర్తు. ఎముకలు పలచబడి కాలి ఎముకకి పగులు వచ్చేది ఇలాగే. తిండి పెంచండి, గైనకాలజిస్టుకి చూపించండి.

మిగతావి త్వరగా. పరుగుతో మోకాళ్ళు అరిగిపోతాయన్నది తప్పు. 2017లో వచ్చిన ఒక సమీక్షలో సరదా కోసం పరుగెత్తేవాళ్ళలో తుంటి, మోకాలి కీళ్ళు అరిగినవాళ్ళు 3.5 శాతం, కదలకుండా కూర్చునేవాళ్ళలో 10.2 శాతం. రేసు కోసం కొత్త బూట్లు బహుమతిగా ఇస్తే ఆరోజే తొడగనివ్వకండి, కనీసం రెండు లాంగ్ రన్‌లు వేశాకే. తొడలు ఒరుసుకునేచోట వ్యాజిలీన్ రాయండి, పౌడర్ చెమటకి ముద్దవుతుంది.

రేసు రోజు ఫినిష్ దగ్గర ఉండేవాళ్ళు పొడి టీషర్టు, ఒక సైజు వదులుగా ఉండే చెప్పులు, ఉప్పు వేసిన ఏదైనా తినేది తీసుకెళ్ళండి. పది నిమిషాలు నడిపించి అప్పుడు కూర్చోబెట్టండి. ఆ రోజూ మర్నాడూ మూత్రం రంగు అడగండి. కోలా రంగులో ఉంటే కండరం చితికిన పదార్థం కిడ్నీల్లో చేరుతోందని అర్థం, ఆలస్యం చేయకూడదు. సోడియం పడిపోవడం కూడా ఫినిష్ దాటిన కొన్ని గంటలకి బయటపడవచ్చు, కడుపులో మిగిలిన నీరు అప్పుడు రక్తంలోకి చేరుతుంది. చెన్నైలో పరుగు ముగించి మధ్యాహ్నం రైలెక్కినప్పుడు తలనొప్పి పెరుగుతూ, వాంతులవుతూ, మాట మందగిస్తే అలసటని సరిపెట్టుకోకండి, నీళ్ళ సీసా చేతికివ్వకండి. ఇంకాసేపట్లో నెల్లూరేగా అనుకోకుండా, ముందే వచ్చే గూడూరులో దిగి ఆసుపత్రికి వెళ్ళండి.