ఇద్దరే బ్యాండ్

విశాఖపట్నం,
మార్గశిర గురువారం

పిల్లలూ,

మొన్న ఆర్కే బీచ్ రోడ్డు మీద గిటార్ అబ్బాయినీ డ్రమ్స్ అమ్మాయినీ చూసి, "తాతయ్యా, మిగతావాళ్ళు ఇంకా రాలేదా?" అన్నారు. మిగతావాళ్ళు ఎవరూ లేరు, బ్యాండంతా వాళ్ళేనంటే మీరు నమ్మలేదు. అమ్మవారి దర్శనానికి ఆలస్యమవుతోందని మీ అమ్మ తొందరపెట్టడంతో ఆ మాట అక్కడే ఆగిపోయింది.

అమెరికాలో డెట్రాయిట్ అని కార్ల ఫ్యాక్టరీల ఊరుంది. అక్కడ జాక్ వైట్ గిటార్ వాయిస్తూ పాడేవాడు, మెగ్ వైట్ డ్రమ్స్ కొట్టేది. బ్యాండ్ పేరు ద వైట్ స్ట్రైప్స్. 1999లో అదే పేరుతో తొలి ఆల్బమ్ తెచ్చారు. 17 పాటలున్నాయి, కింది స్వరాలతో గుమ్మనే బేస్ గిటార్ మాత్రం లేదు. ఒకటి రెండు పాటలకు ఓ స్నేహితుడు స్లైడ్ గిటార్ (తీగల మీద గొట్టం జార్చుతూ వాయించేది) సాయం పట్టాడు, అంతే.

మన జముకుల కథ కూడా ఇలాంటిదే. నా చిన్నప్పుడు ఊళ్ళో అమ్మవారి పండగ వస్తే రాత్రంతా కథ చెప్పేవారు. మేం గోనెపట్టాలు పట్టుకెళ్ళి ముందు వరసలో కూర్చునేవాళ్ళం. వచ్చేది ఇద్దరో ముగ్గురో. డొల్లపాత్రకు ఒకవైపు తోలు బిగించి, దాని మధ్యలోంచి ఓ తీగ లాగి ఉంటుంది. అదే జముకు. దాన్ని చంకలో ఇరికించుకుని, తీగను బిగిస్తూ వదులుతూ మీటుతుంటే మనిషి మూలిగినట్టుండేది. కథకుడు గుక్క తిప్పుకునే చోట జముకు పలికేది, జముకు ఆగిన చోట వంత అందుకునేది. ఒక్కోసారి ఎవరూ ఏమీ అనేవారు కాదు. అప్పుడే మాకు ఒళ్ళు జలదరించేది. మెగ్ చేసేదీ అదే. అవసరమైన దెబ్బ కొడుతుంది, మిగతాది వదిలేస్తుంది. ఆ వదిలేసిన చోట్లోనే జాక్ గిటార్ అరుస్తుంది.

మా కథకుడు మొదలుపెట్టే ముందు గురువుకి దండం పెట్టేవాడు. వీళ్ళూ అంతే, ఆల్బమ్‌ని సన్ హౌస్‌కి అంకితమిచ్చారు. ఆయన అమెరికా దక్షిణాన మిసిసిపీ పత్తిచేల ప్రాంతపు బ్లూస్ గాయకుడు. బ్లూస్ అంటే అక్కడి నల్లజాతివాళ్ళ పాట. 1930లో కొన్ని రికార్డులు ఇచ్చాడు. తర్వాత రైల్వేలో పనికి కుదిరి, పాట మానేశాడు. 1964లో కొందరు కుర్రాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో పట్టుకునేసరికి తన పాటలు తనకే గుర్తులేవు. అలన్ విల్సన్ అనే కుర్రాడు పాత రికార్డుల్లో విని నేర్చుకున్న ఆ పాటల్ని ఎదురుగా కూర్చుని మళ్ళీ ఆయనకే నేర్పాడు. పెద్దాయన తిరిగి పాడాడు! 1988లో కన్నుమూసింది డెట్రాయిట్‌లోనే. జాక్ అప్పటికి అదే ఊళ్ళో పదమూడేళ్ళ పిల్లాడు.

సన్ హౌస్ వెంట తిరిగి నేర్చుకున్న రాబర్ట్ జాన్సన్ పాట కూడా ఆల్బమ్‌లో ఉంది. బాబ్ డిలన్ పాట ఒకటుంది. ఇక ఆ మోత, ఆ గరుకుదనం సొంత గడ్డవి. ఎమ్‌సీ5, ద స్టూజెస్ లాంటి బ్యాండ్లు 1960ల్లో ఆ చుట్టుపక్కలే పుట్టాయి. ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నామో పైకి చెప్పుకోవడం మర్యాద. మీరూ అలవాటు చేసుకోండి.

సన్ హౌస్ పాట ఒకటి, 'గ్రిన్నిన్ ఇన్ యువర్ ఫేస్', గిటార్ కూడా లేకుండా ఒట్టి చప్పట్లతో సాగుతుంది. తనకి అన్నిటికన్నా ఇష్టమైన పాట అదేనని జాక్ చెప్పాడు. ఎక్కడి పత్తిచేలు, ఎక్కడి కార్ల ఊరు! రెండు చేతుల చప్పుడు అంత దూరం ఎలా వెళ్ళిందో నేను విడమరిచి చెప్పబోవడం లేదు.

ఆదివారం మీరే వినండి. ముందు ఆ చప్పట్ల పాట, వెంటనే ఈ ఆల్బమ్‌లో మొదటి పాట. ఫోన్ స్పీకర్లో వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. మెగ్ ఎక్కడెక్కడ చెయ్యి ఆపిందో కాగితం మీద రాసుకుని, నాకు చదివి వినిపించండి.

ఆశీస్సులతో
మీ తాతయ్య